ఆ గంట ఎవరిది?

అల్జీమర్స్ గురించి ఏ వార్త కనబడినా వదలను. అమ్మ కోసమే చదువుతున్నాననుకుంటాను. కానీ అన్ని వార్తలనీ ఒకే కంటితో చదవనని ఈమధ్యే గమనించుకున్నాను.

లెకానెమాబ్ అనే మందు సంగతి వస్తే నా అంత అనుమానపు మనిషి ఉండడు. నరానికి ఎక్కించాలి, మెదడులో వాపో రక్తస్రావమో వచ్చిందేమోనని ఎమ్మారైలు తీయిస్తుండాలి, ఇంతా చేస్తే జబ్బు కాస్త నెమ్మదిస్తుంది, అంతే. వద్దనుకోవడానికి కారణాలు ఇట్టే దొరుకుతాయి.

ఎంఐటీలో లీ-హువే సాయ్ బృందం దగ్గరికొచ్చేసరికి ఆ అనుమానం ఎటు పోతుందో! అల్జీమర్స్ లక్షణాలు వచ్చేలా పెంచిన ఎలుకల ముందు, సెకనుకు 40 సార్లు మిణుకుమనే దీపం గంటసేపు పెడితే చూపుకు సంబంధించిన మెదడు భాగంలో అమిలాయిడ్ ప్రొటీన్ తగ్గిందని 2016లో వాళ్లు ప్రకటించారు. చెత్త ఏరే మైక్రోగ్లియా కణాలు చురుకయ్యాయన్నారు. 2019లో అదే లయలో శబ్దం వినిపిస్తే జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌లోనూ మార్పు కనిపించిందన్నారు. సూది లేదు, మాత్ర లేదు. ఇంకేం కావాలి?

2023లో న్యూయార్క్ యూనివర్సిటీలోని గ్యోర్గీ బుజాకీ బృందం ఇదే పరీక్షించి చూసింది. అమిలాయిడ్ తగ్గినట్టు నమ్మకంగా తేలలేదు, మెదడు సొంత గామా లయ ఆ మిణుకుకు జతకలవలేదు. ఈ వ్యాసాన్ని మాత్రం తప్పులు వెతుకుతూ చదివాను. ఏదో పద్ధతిలో తేడా అయ్యుంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను. ఒక్కచోట ఆగిపోయాను: వీలు దొరికితే ఎలుకలు ఆ వెలుతురు నుంచి తప్పుకుపోయాయట.

అమ్మ తన కళ్లజోడే నిమిషం ఉంచుకోదు. ట్యూబులైటు కొట్టుకుంటే మొహం తిప్పేసుకుంటుంది. అమెరికాలో కాగ్నిటో సంస్థ 'హోప్' పేరుతో మనుషుల మీద పరీక్ష పెట్టింది. రోజుకో గంట, ఏడాదిపాటు, కళ్లకీ చెవులకీ ఆ మిణుకునీ శబ్దాన్నీ అందించే పరికరం. అది చదవగానే నాకు తోచింది ఆమె జ్ఞాపకశక్తి కాదు. గంటసేపు అమ్మ ఒకేచోట కూర్చుంటుంది, తలుపు గడియ చూసుకోనక్కర్లేదు, అడిగిందే అడగదు. ఆ చికిత్స మీద నాకున్న నమ్మకంలో సగం ఈ గంట మీద ఆశే. అందుకు సిగ్గేమీ పడను. అలిసిపోయినవాళ్లకి గంట కావాలి. అయితే దాన్ని సైన్సు ఖాతాలో రాసుకోవడం నిజాయితీ కాదు.

ఆ పరీక్ష ఫలితాలు చేతికొచ్చిననాడు జ్ఞాపకశక్తి స్కోర్లు తర్వాత చూస్తాను. ఎంతమంది ఆ పరికరం తీసేసి మధ్యలోనే మానుకున్నారో, ముందు ఆ అంకె వెతుకుతాను.