పంపివేయుటయా, సాగనంపుటయా?

ధ్యానభాగములు: ద్వితీయోపదేశకాండము 15:12-15, అపొస్తలుల కార్యములు 15:36-40



కొన్ని సంవత్సరముల క్రిందట నేను ఒక బాలుర వసతిగృహపు కమిటీలో సభ్యుడనై యుంటిని. తలిదండ్రులు లేని ఒక పిల్లవాడు అయిదవ యేట అక్కడ చేరి, 18 ఏండ్లు నిండగానే వెలుపలికి వెళ్లవలసి వచ్చెను. ఆ దినమున మేము అతనికి ఒక పెట్టెయు, రెండు జతల బట్టలును, కొంత రొక్కమును ఇచ్చి, ప్రార్థన చేసి, ఫోటో తీయించుకొని పంపివేసితిమి. "ఈ రాత్రి ఎక్కడ పండుకొందువు నాయనా?" అని అడిగినవాడు మాలో ఒక్కడును లేడు.

నాలుగు మాసములైన పిమ్మట అతడు బస్సు స్టాండులో రాత్రులు గడుపుచున్నాడని తెలిసెను. పని పోయినది, అద్దె కట్టలేక గది విడిచినాడు. "మా యొద్దకు ఏల రాలేదు?" అని అడిగితిని. "అయ్యగారూ, అందరి యెదుట ప్రార్థన చేసి పంపితిరి గదా, ఓడిపోయి ఏ ముఖము పెట్టుకొని రాను?" అనెను. ఆ మాట నేటికిని నన్ను విడువలేదు.

పెంచినవారి బాధ్యత ఏ దినముతో తీరును? మన కడుపున పుట్టిన బిడ్డకు 18 ఏండ్లు నిండినప్పుడు మనము తలుపు మూయుదుమా? కళాశాలకు పోయిన కుమారునికి తల్లి పచ్చడి జాడీ పంపును. ఇల్లు అద్దెకు దొరకనియెడల తండ్రి పోయి మాటలాడును. జ్వరము వచ్చిన కుమార్తె ఇంటికి ఫోను చేయును. తప్పిపోయిన కుమారునికి సహితము పందులయొద్ద జ్ఞాపకము చేసికొనుటకు ఒక తండ్రి యిల్లుండెను. వసతిగృహమునుండి బయలుదేరిన బిడ్డకో, జ్ఞాపకము చేసికొనుటకు ఉన్న యిల్లు మనము మూసివేసిన ఆ యిల్లే.

మోషే ధర్మశాస్త్రము ఈ సంగతిని ఎరుగును. ఆరేండ్లు సేవచేసిన హెబ్రీ దాసుని ఏడవ యేట విడిపించుట చాలదట. యజమానుడు తన మందలోనుండియు, కళ్లములోనుండియు, ద్రాక్షగానుగలోనుండియు అతనికి ధారాళముగా ఇయ్యవలెను. ఏలయనగా ఇశ్రాయేలీయులును ఒకప్పుడు ఐగుప్తులో దాసులే. విడుదల యొక సంగతి, బ్రదుకుట మరియొక సంగతి.

మన దేశపు చట్టమును దీనిని గుర్తించినది. సంరక్షణ గృహములను విడిచిన యౌవనస్థులకు 18 మొదలు 21 ఏండ్లవరకు సహాయము చేయు ఏర్పాటు 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టములో ఉన్నది. ప్రత్యేక పరిస్థితులలో 23 ఏండ్లవరకు పొడిగించవచ్చును. 2022 నాటి మిషన్ వాత్సల్య మార్గదర్శకములు ఇందుకు నెలకు 4,000 రూపాయలు నిర్ణయించినవి. అయితే ధనసహాయమును గూర్చి చట్టము "ఇయ్యవచ్చును" అనుచున్నది గాని "ఇయ్యవలెను" అనుట లేదు. ఆ రెండు మాటల నడుమనున్న యెడమును పూడ్చవలసినది మనస్సాక్షియే.

"చేయి విడువక నడిపించినయెడల వీరు సోమరులగుదురు, తమ కాళ్లమీద ఎప్పుడు నిలుతురు?" అని కొందరు పెద్దలు అడుగుదురు. ఇది త్రోసివేయదగిన మాట కాదు. గలతీయుల పత్రిక ఆరవ అధ్యాయములో అపొస్తలుడు ఒకరి భారము నొకరు మోయుడని చెప్పి, మూడు వచనములు దాటగానే ఎవరి బరువు వారిదేనని చెప్పుచున్నాడు. రెండును సత్యమే. నెలనెలా అతని అద్దె మనమే కట్టుచుండుట అతని బరువును అతనియొద్దనుండి దొంగిలించుట. ఇంటి యజమానునియొద్ద అతని పక్షముగా నిలిచి మాట ఇచ్చుట భారమును పంచుకొనుట. జీతమును లెక్క చూచుకొనుట, అన్నము వండుకొనుట, వేళకు పనికి పోవుట అతనివే. అయితే వీటిని వెళ్లు దినమున గాక, ఒక సంవత్సరము ముందుగానే నేర్పవలెను.

మార్కును జ్ఞాపకము చేసికొనుడి. పంఫూలియలో అతడు సేవను విడిచి యెరూషలేమునకు తిరిగిపోయెను. అట్టివానిని మరల వెంటబెట్టుకొనిపోవుట పౌలునకు తగినదిగా తోచలేదు. బర్నబా మాత్రము అతని చేయి పట్టుకొని కుప్రకు ఓడ ఎక్కెను. తరువాతి కాలమున అదే పౌలు, మార్కు తన పరిచారమునకు ఉపయోగపడువాడని వ్రాసి, అతనిని పిలిపించుకొనెను. ఒకసారి ఓడినవానికి రెండవ ప్రయాణము దొరికినందున గదా ఇది జరిగినది! మార్కునకు బర్నబా బంధువు. బంధువులు లేని బిడ్డకు బర్నబా ఎవరు?

మన మనుకొనునట్లు స్వతంత్రత అనగా ఎవరి అక్కరయు లేకుండుట కాదు. అక్కర కలిగినప్పుడు సిగ్గుపడక తట్టుటకు ఒక తలుపుండుట. మన పల్లెలలో చుట్టమును సాగనంపువారు గడపయొద్దనే నిలిచిపోరు. ఊరి పొలిమేరవరకు వెంట నడిచి, "మరల రండి" అని చెప్పి తిరిగి వత్తురు. పంపివేయుటకును సాగనంపుటకును భేదమిదే.

ఆ పిల్లవానికి మా సంఘములోని ఒక విధవరాలు తన వసారాగది ఇచ్చెను. కొంత అద్దెయు పుచ్చుకొనెను. ఊరక ఉండనిచ్చుట అతనికి మేలు కాదని ఆమె యెరుగును. అతడు ఒక ఎలక్ట్రీషియనుయొద్ద పనికి కుదిరెను. ఆరు మాసములకు ఆ పనియు పోయెను. అయితే ఈసారి అతడు బస్సు స్టాండునకు పోలేదు. సాయంకాలము తిన్నగా ఇంటికి వచ్చి, "అమ్మా, పని పోయినది" అని చెప్పెను. ఆమె అన్నము పెట్టి, "రేపు మరియొకచోట అడుగుదము" అనెను.

మీ సంఘపు వసతిగృహమునుండి ఈ యేడు వెళ్లనున్న బిడ్డల పేర్లు మీకు తెలియునా?