ఏ శాతమైనా, దేని మీద?

చిట్టితల్లీ,

ఎంబీఏలో సీటు వచ్చిందని మీ నాన్న చెప్పగానే ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత నువ్వు ఫోన్లో "లెక్కలంటేనే భయం అత్తా" అన్నావే, అది మాత్రం మనసులో ఉండిపోయింది. ఇంటర్‌లో సీఈసీ తీసుకున్నావు, పదో తరగతి తర్వాత లెక్కల పుస్తకం ముట్టుకోలేదు. చెయ్యి అలవాటు తప్పింది, అంతే. ఇన్నేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని, నా మాట నమ్ము.

క్లాసులు మొదలయ్యేలోపు క్యాలిక్యులస్ జోలికి పోకు. అది కావలసినప్పుడు వాళ్లే చెబుతారు. శాతాలు, వడ్డీ, సగటు గట్టిగా పట్టుకో.

శాతం కనబడిన ప్రతిచోటా "దేని మీద?" అని అడుగు. 80కి కొని 100కి అమ్మితే కొన్న ధర మీద లాభం 25 శాతం, అమ్మిన ధర మీద 20 శాతం. చేతికొచ్చింది అదే ఇరవై రూపాయలు. ఇది తేలని వాళ్లు మీటింగుల్లో గంటలు గంటలు వాదించుకుంటారు.

వడ్డీ దగ్గర ఈ ప్రశ్న ఇంకా అవసరం. ఏడాదికి 12 శాతం "ఫ్లాట్ రేటు" మీద లక్ష అప్పిచ్చారనుకో. 12,000 వడ్డీ కలిపి పన్నెండు వాయిదాలు చేస్తారు, నెలకు 9,333 రూపాయలు. మొదటి నెల నుంచే అసలు తీరుతూ వస్తోంది కదా, వడ్డీ మాత్రం ఏడాదంతా పూర్తి లక్ష మీదే వేశారు. నెలనెలా మిగిలిన అసలు మీద లెక్కగడితే అది 21 శాతం దాటిపోతుంది. ఓ కాగితం మీద పన్నెండు వరసలు గీసి ఈ లెక్క నువ్వే చెయ్యి. ఫైనాన్సు పుస్తకంలో సగం భయం అక్కడితో పోతుంది.

ఇక సగటు. మీ నాన్న ఎరువుల కొట్టే తీసుకో. ఏడాదికి 24 లక్షల అమ్మకం ఉంటే నెలకు సగటు రెండు లక్షలు. కానీ జూలైలో ఐదు లక్షలు, ఏప్రిల్‌లో యాభై వేలు అయితే? ఆ సగటు చూసుకుని సరుకు తెప్పిస్తే జూలైలో రైతులు పక్క కొట్టుకి పోతారు, ఏప్రిల్‌లో డబ్బంతా గోడౌన్లో ఇరుక్కుంటుంది. అందుకే సగటుకి అటూ ఇటూ అంకెలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే ప్రామాణిక విచలనం నేర్చుకోమనేది.

కొద్దిమందిని అడిగి అందరి గురించీ చెప్పే సర్వేలు కూడా నీకు ఎదురవుతాయి. అంచనాలో తప్పు సగానికి తగ్గాలంటే నాలుగింతల మందిని అడగాలి. అసలు అంచనా ఎంతవరకు కచ్చితంగా ఉండగలదో దానికి హద్దు చూపిన 1945 నాటి పేపరు మన సి.ఆర్.రావు గారిది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తా వెళ్లి స్టాటిస్టిక్స్ నేర్చుకున్న మనిషి. అది రాసేనాటికి ఆయనకు పాతికేళ్లే. తలుచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

రేపే మీ నాన్ననడిగి కొట్టు పద్దు పుస్తకం తెచ్చుకో. నెలవారీ అమ్మకాలు రాసుకుని సగటు, విచలనం మొదటిసారి చేత్తోనే వెయ్యి, ఎక్సెల్ తర్వాత. ఎక్కడ ఆగినా ఫొటో తీసి పంపు. రాత్రి తొమ్మిది దాటాక నాకు వేరే పనేం ఉండదు.

మీ అత్త