పేరు లేని జవాబు

ఆసుపత్రిలో ఇంటెన్సివ్ కేర్ గది బయట బెంచీ మీద రాత్రంతా కూర్చున్న అనుభవం మన కుటుంబాలలో చాలామందికి ఉంది. పెద్ద డాక్టరుగారు ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి చూసి వెళతారు. తక్కిన గంటలన్నీ రోగి పక్కన నిలిచేది నర్సు. ఆమె ఏమి చూస్తున్నదో, మనసులో ఏమి మోస్తున్నదో మనం ఎన్నడైనా అడిగామా?

అమెరికాలో ఒకరు అడిగారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ డేవిడ్ ఆష్ 1600 మంది క్రిటికల్ కేర్ నర్సులకు ఒక ప్రశ్నాపత్రం పంపారు. జవాబులో పేరు రాయనక్కరలేదు. రోగి ప్రాణం త్వరగా పోయేలా చూడమని మిమ్మల్ని ఎవరైనా కోరారా, మీరు ఆ పని చేశారా అన్నది అందులోని విషయం. 1139 మంది బదులు రాశారు. ఫలితాలు 1996 మే నెలలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడ్డాయి. పెద్దవారి ఇంటెన్సివ్ కేర్‌లో మాత్రమే పనిచేసే 852 మందిలో 141 మంది తమకు అటువంటి కోరిక రోగి నుండో, బంధువుల నుండో వచ్చిందన్నారు. 129 మంది ఆ పని చేశామన్నారు. మరో 35 మంది, డాక్టరు రాసిన ప్రాణాధార చికిత్సను చేస్తున్నట్లు నటించి ఊరుకున్నామన్నారు.

ఈ అంకెలను చూసి మనం రెండు పొరపాట్లు చేసే అవకాశం ఉంది. మొదటిది, ఇంతమంది చేస్తున్నారు కనుక ఇది తప్పు కాదనుకోవడం. సర్వే ఏమి జరుగుతున్నదో చెప్పగలదు, ఏమి జరగాలో చెప్పలేదు. మంచిచెడ్డలు చేతులెత్తించి తేల్చేవి కావు. రెండవది, ఆ నర్సులను హంతకులని ఛీకొట్టడం. వారు రాసిన మాటలలో క్రూరత్వం కనిపించలేదు. రోగి మేలు తమ బాధ్యత అన్న తపన కనిపించింది, బాధను తగ్గించాలన్న ఆరాటం కనిపించింది. రోగి పడుతున్న బాధను డాక్టర్లు పట్టించుకోవడం లేదన్న ఆవేదన కూడా కనిపించింది. కొందరు డాక్టరుకు తెలియకుండానే ఆ పని చేశారు. ఉద్దేశం మంచిదైనంత మాత్రాన పని మంచిది కాదు, నిజమే. కాని వారిని అంతటి ఒంటరితనంలోకి నెట్టిందెవరు?

ఇక్కడ మరొక చిక్కు ఉంది. నొప్పిని తగ్గించడానికి ఇచ్చిన మందునూ, చంపడానికి ఇచ్చిన మందునూ కొందరు ఒకే గాటన కట్టి జవాబు రాసి ఉంటారని ఆనాడే విమర్శ వచ్చింది. ఈ తేడా చిన్నది కాదు. వేరే మార్గం లేనప్పుడు, ఆయుష్షు కొంత తగ్గే అవకాశమున్నా బాధానివారణ మందు ఇవ్వవచ్చునని పన్నెండవ పయస్ పోపుగారు 1957లోనే చెప్పారు. ప్రయోజనం లేక భారం మాత్రమే మిగిలిన చికిత్సను మానుకోవడం వేరు, కారుణ్య మరణం వేరు అని రెండవ జాన్ పౌలు పోపుగారు 1995 నాటి విశ్వలేఖలో స్పష్టం చేశారు. ఈ తేడా తెలియని నర్సు, న్యాయంగా నొప్పి తగ్గించి కూడా తాను హత్య చేశానేమోనని జీవితమంతా కుమిలిపోవచ్చు. తెలియకపోతే నిజమైన తప్పును కరుణ అని సరిపెట్టుకోనూవచ్చు.

పేరు అక్కరలేని ప్రశ్నాపత్రం వల్ల మేలు జరిగింది, లేకుంటే ఈ సత్యం బయటపడేది కాదు. పాపసంకీర్తనంలోనూ రహస్యం ఉంది, కాని అక్కడ వినేవారు బదులు పలుకుతారు, దారి చూపుతారు, క్షమాపణ ప్రకటిస్తారు. కాగితం మౌనంగా వింటుంది, అంతే. అందుచేత సర్వే వచ్చినప్పుడు నర్సులు నిజమే రాయాలి. రాసిన తరువాత అదే మాటను బదులు చెప్పగల ఒక మనిషితో కూడా చెప్పుకోవాలి.

మనకూ ఇందులో భాగముంది. ఆ 141 మందిని కోరినవారిలో రోగుల బంధువులు కూడా ఉన్నారు. "సిస్టర్, ఈ బాధ ఇంక చూడలేమమ్మా, మీరే ఏదో ఒకటి చేయండి" అని అర్ధరాత్రి తలుపు దగ్గర మనం గుసగుసగా అన్నప్పుడు, డాక్టరుగారిని అడిగే ధైర్యం లేని ప్రశ్నను ఆ అమ్మాయి భుజాల మీద పెడుతున్నాము. అది పగటిపూట, డాక్టరుగారి ఎదుట, నర్సు కూడా ఉండగా అడగవలసిన ప్రశ్న. నొప్పి తగ్గించడానికి ఇంకేమి చేయగలరు? ఈ చికిత్స వల్ల ప్రయోజనం ఎంత, భారం ఎంత? ఇలా అడగడం తప్పు కాదు. రోగికి స్పృహ ఉండగానే విచారణ గురువులను పిలిపించి అభ్యంగనం ఇప్పించడం మన బాధ్యత.

మన విచారణలలో నర్సింగు చదివిన ఆడపిల్లలున్న ఇళ్లు ఎన్నో. రాత్రి డ్యూటీ ముగించుకొని వచ్చిన బిడ్డకు కాఫీ ఇచ్చి, "ఈ రాత్రి ఎలా గడిచిందమ్మా?" అని అడగండి. ఆమె చెప్పేదాకా పక్కన కూర్చోండి. ఆ జవాబు ఏ కాగితానికో దక్కేకంటే ముందు మనం వినడం మంచిది.