రెండు తూనికరాళ్లు

సంచిలో చిన్నదియు పెద్దదియునైన రెండు తూనికరాళ్లు ఉంచుకొనరాదని ద్వితీయోపదేశకాండము హెచ్చరించుచున్నది. కొనునప్పుడు ఒకటి, అమ్మునప్పుడు వేరొకటి తీయుట వర్తకుని మోసము. రాజ్యములు ఒకదాని నేరమును మరియొకటి తూచునప్పుడు ఈ హెచ్చరిక వర్తింపదా?

1948 డిసెంబరు 10న పారిస్ నగరమున ఐక్యరాజ్యసమితి మానవహక్కుల విశ్వప్రకటనను ఆమోదించెను. 48 దేశములు అనుకూలముగా ఓటు వేసెను. ఎదిరించినది ఒక్కటియు లేదు. 8 దేశములు తటస్థముగా నుండెను. మొదటి అధికరణము పురుషులను మాత్రమే కాక మానవులందరిని పేర్కొనునట్లు సవరింపజేసిన ఘనత భారత ప్రతినిధి హంసా మెహతాది. అది సామాన్యమైన మేలు కాదు.

అయితే ఆ ప్రకటన తయారగుచున్న దినములలోనే, 1947 అక్టోబరులో, అమెరికాలోని నల్లజాతివారి పక్షమున డబ్ల్యు. ఇ. బి. డుబోయిస్ మొదలైనవారు ఐక్యరాజ్యసమితికి ఒక విన్నపము సమర్పించిరి. ఓటు, చదువు, చట్టరక్షణ తమకు సమముగా దక్కుటలేదని వారి మొర. దానిని విచారింపవలెనని సోవియట్ పక్షము ప్రతిపాదింపగా అది నెగ్గలేదు. మానవహక్కుల సంఘమునకు అధ్యక్షురాలైన ఎలినార్ రూజ్వెల్ట్ ఆ విన్నపము పంపిన సంస్థ పాలకవర్గములోను సభ్యురాలే. నల్లజాతివారికి ఆమె నిజమైన స్నేహితురాలు. అయినను ఆమె దానికి తోడ్పడలేదు. సోవియట్ పక్షమువారు దానిని తన దేశముపై ఆయుధముగా వాడుకొందురని ఆమె భయము.

ఆ భయము నిరాధారము కాదు. పొరుగింటి దోషమెంచిన సోవియట్ దేశములోనే బలవంతపు చాకిరీ శిబిరములు ఉండెను; విశ్వప్రకటనకును అది ఓటు వేయలేదు. కాని మొరపెట్టినది సోవియట్ దేశము కాదు. గాయము నల్లజాతివారిది. శత్రువు వేలెత్తి చూపినంత మాత్రమున గాయము గాయము కాకపోవునా? సమతౌల్యమనగా ఇరుపక్షముల తప్పులను సరిసమానముగా పంచిపెట్టుట అని కొందరు తలంతురు. అట్లయిన ఒకరి పాపము మరియొకరి పాపమునకు చెల్లుచీటి యగును. శిబిరములోని ఖైదీకి గాని, ఓటు లేని నల్లజాతి రైతుకు గాని దానివలన దక్కునదేమి?

క్రైస్తవునికిని ఈ శోధన దూరమైనది కాదు. మతస్వేచ్ఛను, మతము మార్చుకొను స్వేచ్ఛను చాటు 18వ అధికరణము అతనికి ప్రియము. లెబానోను క్రైస్తవుడైన చార్లెస్ మాలిక్ దాని కొరకు ఎంతో పాటుపడెను. దూరదేశమున ఒక విశ్వాసి చెరలో పడెనని వినగానే ఆ అధికరణము జ్ఞాపకమునకు వచ్చును. పనివానికి న్యాయమైన వేతనము కావలెనను 23వ అధికరణము, తన పొలములో కోత కోసినవాడు వాకిట నిలిచి కూలి అడుగునప్పుడు జ్ఞాపకమునకు వచ్చుచున్నదా?