పాత యంత్రము – పంపక ధర్మము

వస్తువు పాతబడుట యనగా నేమి? అది అరిగిపోవుటయా, లేక ఇది పాతదని ఎవరో నిర్ణయించుటయా? మన పెద్దలకీ సందేహము లేదు. ఇత్తడి బిందెకు చిల్లు పడినచో మాటు వేయించిరి. పడక కుర్చీ గుడ్డ చినిగినచో గుడ్డ మాత్రమే మార్చిరి. కఱ్ఱ గట్టిగా నున్నంత కాలము ఆ కుర్చీని పాతదని ఎవరును అనలేదు.

నేటి యంత్రముల విషయమున ఈ న్యాయము తారుమారైనది. 2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు సాధారణ సంరక్షణ ముగిసినది. తరువాతిదైన విండోస్ 11, టీపీఎం 2.0 అను రక్షణాంగము మొదలైనవి గల యంత్రములకే ఉద్దేశింపబడినది. కావున తెర వెలుగుచు, మీటలు చక్కగా పనిచేయుచున్న ల్యాప్‌టాపులు ఎన్నియో ఒక్క దినమున ముసలివైనవి. వాని దేహమునకు రోగము రాలేదు; వానిని నడపు వ్యవస్థకు గడువు తీరినది, అంతే. కర్తలను నిందించుట మా యుద్దేశము కాదు. ఎవరును ఒక వస్తువును కలకాలము కాపాడలేరు. అయినను వారి గడువే వస్తువునకును గడువని మనమేల ఒప్పుకొనవలెను?

వేరొక మార్గము కలదు. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్సుపై ఆధారపడిన వ్యవస్థలు ఉచితముగా లభించును. వానిలో కొన్ని పాత యంత్రములపైనను సుఖముగా నడచును. అయితే వానిని నెలకొల్పుటకు హార్డుడిస్కును తిరిగి భాగింపవలసి వచ్చును. ధర్మసంకటము పుట్టునది ఇచ్చటనే.

హార్డుడిస్కును ఒక పొలముగా భావింపుడు. దాని మొదట ఒక పట్టిక యుండును. ఏ భాగము ఎచ్చట మొదలై ఎచ్చట ముగియునో అందు వ్రాయబడియుండును. పాత పద్ధతిలో ఆ పట్టికకు 64 బైట్లు మాత్రమే. నాలుగు పద్దులకు మించి పట్టవు. దస్తావేజుల నడుమ జీవితము గడపిన మావంటి గుమాస్తాలకు ఇది పరిచితమైన సంగతియే. పొలము వేరు, దానిని గూర్చిన పద్దు వేరు. పద్దు కొట్టివేసినను పైరు అచ్చటనే యుండును. కాని పద్దు లేని పొలమును ఖాళీ యనుకొని క్రొత్తవాడు దున్నివేయును. డిస్కులోని భాగమును తొలగించుటయు సామాన్యముగా నిట్టిదే. వ్రాతలు తత్క్షణమే నశింపవు. వానిపై క్రొత్తవి వ్రాయబడినప్పుడు నశించును.

భాగమును కుదించుటకు ఒక వరుస కలదు. హద్దుకు ఆవల పడు ఫైళ్లను ముందుగా ఈవలకు చేర్చి, పిమ్మటనే హద్దు జరుపవలెను. నడుమ కరెంటు పోయినచో ఉన్నదియు చెడవచ్చును. కావున సమస్తమునకును వేరొక డిస్కుపై నకలు తీయవలెను. ఆ నకలును తెరచి అసలుతో సరిచూచుకొన్న పిమ్మటనే పంపకమునకు పూనుకొనవలెను.

స్వర్గస్థులైన మా అన్నగారి ల్యాప్‌టాపు విషయమున ఈ ప్రశ్న మా యింటను తలయెత్తినది. అందు వారు కూర్చిన వంశవృక్షమును, తెలుగున వ్రాసిన ఉత్తరములును గలవు. కళాశాలలో చదువు మనుమనికి ఆ యంత్రము కావలసియుండెను. అంతయు తుడిచివేసినచో పని శీఘ్రముగా తీరునని అతని వాదము. ఆయన వ్రాసినదానిని ఎవరును ముట్టరాదని వదినెగారి పట్టు. ఇరువురి మాటలోను న్యాయము కలదు.

మాకు తోచిన ధర్మమిది. గతించినవారికి తమ వ్రాత నిలువవలెనను హక్కు గలదు గాని, ఆ చోటనే నిలువవలెనను హక్కు లేదు. బ్రదికియున్నవారికి చోటుపై హక్కు గలదు గాని, చదువకయే తుడిచివేయు హక్కు లేదు. వదినెగారు ఒక్కొక్క ఉత్తరమును చదివిరి. కొన్నింటిని మాకు చూపక తామే తొలగించిరి. అదియు న్యాయమే, భార్యకు వ్రాసిన మాట వంశమునకు ఆస్తి కాదు. తక్కినవి యూనికోడునకు పూర్వపు తెలుగు ఫాంటులలో నుండినవి. ఆ ఫాంటు లేని యంత్రమున అవి అర్థము లేని గుర్తులుగా కనబడును. అందుచే వానిని యూనికోడులోనికి మార్చి, అచ్చు తీసి దాచితిమి. మనుమడు మూడు సాయంకాలములు ఆ పనికి వెచ్చించి, తాతగారి ఉత్తరములను మొదటిసారి చదివెను.

లినక్సు ఏర్పాటులో మెచ్చదగినది మరియొకటి గలదు. వ్యవస్థను ఒక భాగమునను, మన సొంత పత్రములను 'హోమ్' అను వేరొక భాగమునను ఉంచుకొనవచ్చును. జాగ్రత్తగా చేసినచో, వ్యవస్థ ఎన్నిమారులు మారినను ఇంటి భాగము చెక్కుచెదరదు. తమిళదేశమున తరతరములుగా స్థిరపడిన మన తెలుగువారి చరిత్ర ఇదియే కదా! తంజావూరిని నాయకరాజులేలిరి, పిమ్మట మరాఠాలు, ఆంగ్లేయులు ఏలిరి. 1956లో భాషాప్రయుక్త రాష్ట్రములు వచ్చినవి. ఏలికలు మారినను పెక్కిండ్ల లోపల తెలుగు నిలిచినది. కాని నేడు మన పిల్లలలో అనేకులు తెలుగు మాటాడుదురే గాని చదువలేరు. ఫైలు పదిలముగా నున్నది, దానిని తెరచు నేర్పు పోయినది. దాచుట వేరు, అందజేయుట వేరు.

పాతదానినంతటిని పట్టుకొని వ్రేలాడుమని మేము చెప్పుట లేదు. ఉబ్బిన బ్యాటరీని ఇంట నుంచుట ప్రమాదము. దానిని ఎలక్ట్రానిక్ వ్యర్థములను సేకరించువారికి ఒప్పగింపవలసినదే. విడువవలసినదానిని విడుచుటయు ధర్మమే. అయితే విడుచుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుట మంచిది. చెడినది దేహమా, వ్యవస్థయా? లోపల ఎవరి వ్రాత యున్నది? దానిని చదువగలవారికి అందజేసితిమా? ఈ మూడింటికి సమాధానము చెప్పుకొన్నవాడు పాతదానిని నిలిపినను, విడిచినను దోషము లేదు.