విళంబమును ఆలస్యమును

ధ్యానభాగము: ప్రకటన 10:1–7

తెలుగులో విళంబమను మాటకు రెండర్థములు గలవు. లోకవ్యవహారములో అది ఆలస్యము. సంగీతములో నెమ్మదిగా సాగు కాలప్రమాణము. ఈ రెండును వేరని యుద్ధఖైదీల శిబిరములో పూర్తియైన ఒక వాద్యకృతి తెలుపుచున్నది.

ఫ్రెంచి సంగీతకర్త ఒలివియే మెస్సియాన్ కతోలిక విశ్వాసి. 1940లో జర్మను సేనలకు చిక్కి, గోర్లిట్జ్ శిబిరమునకు కొనిపోబడెను. అచ్చట ‘కాలాంతమునకై చతుర్వాద్యము’ అను ఎనిమిది భాగముల కృతిని పూర్తిచేసెను. 1941 జనవరి 15న ఆయనయు మరి ముగ్గురు ఖైదీలును పియానో, వయొలిన్, చెల్లో, క్లారినెట్టులతో దానిని తోటి ఖైదీలకు వినిపించిరి.

ప్రకటన పదియవ అధ్యాయములోని దూత చేసిన ప్రమాణము ఆ కృతికి ప్రేరణ. ఇక కాలముండదని మెస్సియాన్ దానిని గ్రహించెను. మూలమందలి గ్రీకు పదము ‘క్రోనొస్’. దానికి కాలమనియే సామాన్యార్థము. అయినను తరువాతి వచనము దేవుని మర్మము సమాప్తమగుటను చెప్పుచున్నది గనుక, తెలుగు బైబిలు ఆలస్యమను మాటను వాడుట యుక్తమే.

ఆలస్యముండదను వాక్యమునుండి పుట్టిన ఈ కృతిలో, యేసు నిత్యత్వమును స్తుతించు అయిదవ భాగము అత్యంత విళంబముగా సాగును. చెల్లో ఒక్కొక్క స్వరమును దీర్ఘముగా నిలుపుచుండగా, పియానో నిండైన స్వరసముదాయములను ఒకే నడకతో మరల మరల మ్రోగించుచుండును. ఈ స్వరరచన మొదట 1937 పారిస్ ప్రదర్శనలో, సేన్ నదియొద్ద జరిగిన జలోత్సవమునకై చేయబడినది. వేడుకకై పుట్టినది చెరలో స్తుతియాయెను.

కచేరీ ముగిసిన రాత్రి శిబిరద్వారము తెరువబడలేదు. విడుదల దినమెరుగని ఖైదీకి ప్రతి గడియయు శూన్యముగా తోచును. ఆ సంగీతము గడియను కురుచచేయలేదు గాని దానిని స్తుతితో నింపెను.

విళంబకాలములో పాడుటయెంత కష్టమో విద్వాంసులెరుగుదురు. స్వరము ఎంత సాగినను తాళము లోలోపల తప్పక నడచుచుండవలెను; తొందరపడువాడు దానిని జారవిడుచును. దేవుని కార్యమును అట్లే నడచును. ఏండ్ల తరబడి తప్పిపోయిన కుమారునికై కనిపెట్టు తల్లికి, ఆయన ఆలస్యము చేయుచున్నాడని తోచవచ్చును. ఆదిసంఘములోను అట్టి సణుగు వినబడెను. అది ప్రభువుయొక్క దీర్ఘశాంతమని, పాపులు మారుమనస్సు పొందుటకై ఇయ్యబడిన అవకాశమని పేతురు బోధించెను (2 పేతురు 3:9). ఆ తల్లి కనిపెట్టుచున్న దినములే ఆ కుమారుడు తిరిగివచ్చుటకు తెరచియున్న ద్వారము.

కనిపెట్టుచున్న ప్రతి విశ్వాసికిని, తాళము తప్పని నిరీక్షణను ప్రభువు అనుగ్రహించునుగాక. ఆమేన్.