డీజిల్ ట్యాంకులోని ప్రాణులు: నివారణ, హింస

బోటు డీజిల్ ట్యాంకు అడుగున పేరుకునే నల్లటి జిగురు మడ్డి జీవం లేని మురికి కాదు. బాక్టీరియా, ఈస్టు, బూజు కలిసి కట్టుకున్న ఆవాసం అది. హార్మోకోనిస్ రెసినే అనే బూజు వీటిలో ముఖ్యమైనది. డీజిల్లోని హైడ్రోకార్బన్లే ఈ జీవులకు ఆహారం. అయితే నీరు లేనిదే అవి పెరగలేవు. నీరు డీజిల్ కన్నా బరువైనది కనుక ట్యాంకు అడుక్కు దిగుతుంది. ఆ నీరూ పైనున్న నూనే కలిసేచోట ఇవి వృద్ధి చెందుతాయి. ఇవి విడుదల చేసే ఆమ్లాలు ట్యాంకు లోహాన్ని తినేస్తాయి. తెట్టు ఫిల్టర్‌కు అడ్డుపడితే నడిసముద్రంలో ఇంజన్ ఆగిపోతుంది. ఆ సమయంలో గాలి ముదిరితే బోటులో ఉన్నవారి ప్రాణాలకే ముప్పు. అందుచేత ఈ జీవులను అడ్డుకోవడం తప్పనిసరి. ప్రాణమున్నదాన్ని మనిషి తన అవసరం కోసం నశింపజేయవచ్చా అన్న ప్రాచీన ప్రశ్న ఈ ట్యాంకు దగ్గర కూడా ఎదురవుతుంది. పుట్టకుండా చూడడం, పుట్టాక చంపడం ధర్మదృష్టిలో ఒకటేనా అన్నది అందులో అసలు చిక్కు.

ఈ బెడద అన్ని పడవలకూ ఒకేలా ఉండదు. తుని పక్కన పారే తాండవ నది పెంటకోట దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆ తీరంలోని చిన్న పడవల్లో ఇంధనం తక్కువ పడుతుంది, వేటకు వెళ్లినప్పుడల్లా ఖర్చయిపోతుంది. అందువల్ల అక్కడ ఈ బెడద తక్కువ. కాకినాడ, విశాఖపట్నం రేవుల్లోని పెద్ద మరబోట్ల సంగతి వేరు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం ఉంటుంది. సగం నిండిన ట్యాంకుతో బోటును ఒడ్డున కట్టేస్తే, పైన మిగిలిన ఖాళీలోకి తేమగాలి చేరుతుంది. రాత్రి చల్లబడినప్పుడు ఆ తేమ ట్యాంకు గోడల మీద చెమరించి నీటి బొట్లుగా కిందికి జారుతుంది. కదలిక లేని డీజిల్, అడుగున నీరు, తీరప్రాంతపు వెచ్చదనం ఒకచోట చేరితే బూజుకు ఇంకేమీ అక్కర్లేదు. నివారణ మార్గాలు కూడా ఈ కారణాలను బట్టే ఏర్పడ్డాయి. బోటును కట్టేసే ముందు ట్యాంకును దాదాపు నిండుగా నింపాలి. మూత దగ్గరి రబ్బరు రింగు చెడిపోతే మార్చాలి. అడుగున చేరిన నీటిని తరచూ వదిలేయాలి. ఇంజన్‌కు ముందు నీటిని వేరుచేసే ఫిల్టర్ అమర్చాలి. ఇవి చాలనప్పుడు సూక్ష్మజీవులను చంపే రసాయనం కలుపుతారు.

పుట్టకుండా చూడడం, పుట్టాక చంపడం ఒకటేనా అన్న ప్రశ్నను అత్యంత సూక్ష్మంగా పరిశీలించినవారు జైనులు. గోదావరి ప్రాంతానికి జైనం పరాయిది కాదు. పిఠాపురం, జల్లూరు, ఆర్యావటం వంటి చోట్ల జైన శిల్పాలు దొరికాయి. స్పర్శ ఒక్కటే ఇంద్రియంగా గల ఏకేంద్రియ జీవులు లోకమంతా నిండి ఉన్నాయనీ, వాటిలో అతి సూక్ష్మమైన నిగోదాలు లెక్కకు అందవనీ జైన సిద్ధాంతం చెబుతుంది. బూజు, నాచు ఈ తరగతిలోకే వస్తాయి. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం ప్రకారం అజాగ్రత్తతో, రాగద్వేషాలతో చేసిన పని వల్ల ప్రాణం పోతే అది హింస. ఈ నిర్వచనంలో చావు ఎంత ముఖ్యమో, దానికి దారితీసిన నిర్లక్ష్యమూ అంతే ముఖ్యం. సన్న్యాసికి విధించిన కఠిన నియమాలను గృహస్థుకు విధించలేదు. కదిలే ప్రాణులను తెలిసి చంపకూడదు, ఏకేంద్రియాలకు అనవసరమైన హాని చేయకూడదు అన్నంతవరకే అతనికి నియమం. వృత్తిలో తప్పక జరిగే హింసను సంకల్పించి చేసే హింస నుంచి వేరుచేసి చూశారు. జైన గృహాల్లో ఆచారం కూడా ఇలాగే నడుస్తుంది. బూజు పట్టాక దాన్ని గీకి తీసేస్తే ప్రాణిహింస అవుతుంది కాబట్టి, తడి నిలవకుండా చూసి అసలు బూజే పట్టనివ్వకపోవడం మేలని భావిస్తారు. డీజిల్ ట్యాంకులో నీరు చేరనివ్వకపోవడం ఈ నియమానికి సరిగ్గా సరిపోతుంది.

బౌద్ధం ఇదే విషయాన్ని మరోవైపు నుంచి చూసింది. తుని సమీపంలో తాండవ తీరాన ఉన్న గోపాలపట్నంలో బౌద్ధ అవశేషాలు బయటపడ్డాయి. భిక్షువు వెంట ఉండవలసిన ఎనిమిది వస్తువుల్లో నీటిని వడకట్టే గుడ్డ ఒకటి. ప్రాణులున్నాయని తెలిసి ఆ నీటిని వాడడం వినయ నియమాల ప్రకారం దోషం. తెలియక జరిగితే దోషం లేదు. బౌద్ధుల దృష్టిలో కర్మకు మూలం చేతన, అంటే సంకల్పం. ఈ లెక్కన నీటిని వదిలేసే సరంగు ఉద్దేశం ఇంజన్‌ను కాపాడుకోవడమే తప్ప ప్రాణిని చంపడం కాదు. రసాయనం పోసేవాడి ఉద్దేశం కూడా ఇంజన్ రక్షణే, కానీ అతడు ఎంచుకున్న సాధనం నేరుగా చంపడం. గమ్యం ఒకటే అయినా సాధనాలు వేరు కావడం వల్ల ఈ రెండు పనులను ఒకే గాటన కట్టలేం.

చేపలు పట్టి బతికేవాళ్లకు బూజు ప్రాణం గురించి చెప్పడం అర్థరహితమన్న ఆక్షేపణ రావచ్చు. మహాభారతం అరణ్యపర్వంలోని ధర్మవ్యాధుడి కథలో దీనికి సమాధానం దొరుకుతుంది. తెలుగులో ఈ భాగాన్ని రాసిన ఎర్రన, నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషాన్ని రాజమహేంద్రవరం ఏలిన రాజరాజనరేంద్రుడి పేరనే పూర్తి చేశాడు. ఆ కథలో మాంసం అమ్మే వ్యాధుడు కౌశికుడనే బ్రాహ్మణుడికి ధర్మం బోధిస్తాడు. నాగలి సాగినప్పుడు నేలలోని ప్రాణులు చస్తాయి, నడిచినా ప్రాణులు చస్తాయి, పూర్తి అహింస ఎవరికీ సాధ్యం కాదు అన్నది అతడి వాదన. మనుస్మృతి కూడా గృహస్థు ఇంట్లో పొయ్యి, సన్నెకల్లు, చీపురు, రోలు, నీళ్లకుండ అనే ఐదింటినీ హింసాస్థానాలుగా గుర్తించి, ఆ దోషం పోవడానికి పంచమహాయజ్ఞాలు విధించింది. హింస తప్పదన్న మాట వినగానే ఇక అడ్డేమీ లేదని అనుకోవడానికి ఈ రెండు గ్రంథాలూ చోటివ్వవు. తప్పనిదాన్ని ఒప్పుకుని, తప్పించగలిగినదాన్ని తప్పించమన్నదే వాటి సారం. పెద్ద హింస చేయక తప్పనివాడికి చిన్న హింస విషయంలో బాధ్యత రద్దు కాదు.

ఆధునిక చింతనలో దీనిపై ఏకాభిప్రాయం లేదు. పీటర్ సింగర్ వంటివారు సుఖదుఃఖాలు అనుభవించగల ప్రాణులనే నైతిక పరిగణనలోకి తీసుకుంటారు. ఆ లెక్కన బూజుకు స్థానం లేదు. ఆఫ్రికాలోని లాంబరెనెలో 1913లో ఆసుపత్రి ప్రారంభించిన ఆల్బర్ట్ ష్వైట్జర్ ప్రాణమున్న ప్రతిదాన్నీ గౌరవించాలన్నాడు. రోగి ప్రాణం నిలపడానికి క్రిములను చంపక తప్పదని వైద్యుడిగా అతడికి తెలుసు. ఆ బలి అవసరమైనదేనని ఒప్పుకున్నా, దాన్ని లెక్కలేని విషయంగా మాత్రం తీసుకోలేదు.

ఈ దృక్పథాల మధ్య తేడాలు ఎన్ని ఉన్నా, ట్యాంకు విషయంలో వాటిలో ఎక్కువ భాగం చూపే క్రమం ఒకటే: ముందు నివారణ, చివరికే రసాయనం. పుట్టని ప్రాణికి హాని జరగదు. బూజు బీజాలు గాలిలో, ఇంధనంలో ఎప్పుడూ ఉండేవే, వాటిని పూర్తిగా తుడిచిపెట్టడం సాధ్యం కాదు. వాటికి నీరు దొరకకుండా చూడడమే మనిషి చేతిలో ఉంది. రసాయనం పోయవలసి వచ్చిందంటే సాధారణంగా అంతకుముందు ఎక్కడో అశ్రద్ధ జరిగినట్టే. దాని ఫలితం కూడా అక్కడితో ఆగదు. చచ్చిన బూజు మడ్డిగా విడిపోయి ఫిల్టర్లను మరింతగా మూసేస్తుంది. ఇలాంటి మందుల్లో చాలావరకు నీటి ప్రాణులకు విషం. రసాయనం కలిసిన నీటిని రేవులో పారబోస్తే ట్యాంకుతో సంబంధం లేని ప్రాణులు కూడా చస్తాయి. అలాగని రసాయనం నిషిద్ధం కాదు. తెట్టు ముదిరి సముద్రంలో మనుషుల ప్రాణాలకు ముప్పు ఉన్నప్పుడు దాన్ని వాడకపోవడమే తప్పవుతుంది. అప్పుడు కూడా చెప్పిన మోతాదులో వాడి, ట్యాంకు కడిగిన వ్యర్థాన్ని నీటిలో కలపకుండా విడిగా సేకరించడం బాధ్యత.

యంత్రాలకు చేసే పూజకూ ఈ జాగ్రత్తకూ ఉన్న సంబంధం కూడా ఇక్కడే తేలుతుంది. తుని దగ్గరి లోవలో తలుపులమ్మ సన్నిధికి వాహనాలను తెచ్చి పూజ చేయించడం ఆనవాయితీ. మత్స్యకారులు గంగమ్మకు మొక్కి వేటకు బయలుదేరతారు. యంత్రానికి చేసే పూజ దాన్ని తనిఖీ చేసే పనికి బదులు కాదు. బతుకునిచ్చే వస్తువు పట్ల శ్రద్ధను ప్రకటించడం పూజలో జరిగితే, ఆ శ్రద్ధను ఆచరణలో పెట్టడం తనిఖీలో జరుగుతుంది. అందుకే నిషేధానికి ముందు ట్యాంకు నింపి మూత బిగించడం, విరామంలో నీరు తీయడం, బయలుదేరేముందు ఫిల్టర్ చూడడం యంత్ర సంరక్షణతో పాటు అహింసాచరణలో కూడా భాగమే. రసాయనం స్థానం ఈ క్రమంలో చివరిది.